గేదె కోసం వెతికితే న్యూయార్క్ వచ్చింది

వైద్య పరిశోధన పేపర్లు వెతుక్కునే వెబ్‌సైటు పబ్‌మెడ్ ఓపెన్ చేసి బఫెలో అని కొట్టి చూడండి. ముర్రా గేదెల మీద పేపర్లు వస్తాయి, వాటి మధ్యలో మనుషుల గుండె ఆపరేషన్లు, పళ్ల సమస్యలు, ముసలివాళ్ల మతిమరుపు, ఇవి కూడా వస్తాయి. గేదెకీ మతిమరుపుకీ ఏం సంబంధం అని బుర్ర గోక్కోవద్దు, న్యూయార్క్ రాష్ట్రంలో బఫెలో అనే సిటీ ఉంది, అక్కడో పెద్ద యూనివర్సిటీ ఉంది, ఆ ఊరి డాక్టర్లు ఏం రాసినా అడ్రస్‌లో ఊరి పేరు ఉంటుంది, సెర్చ్ దాన్ని కూడా పట్టుకొచ్చేస్తుంది. పశువుల ఒంటి మీద గడ్డలు లేచే లంపీ స్కిన్ డిసీజ్‌ని మా పశువైద్యులంతా ఎల్‌ఎస్‌డీ అంటారు, ఆ మూడక్షరాలు కొడితే మత్తుమందు మీద రీసెర్చ్ గుట్టలుగా వచ్చి పడుతుంది. పశువుల గొంతువాపుని హెచ్‌ఎస్ అంటారు, అది కొడితే మనుషుల చర్మవ్యాధి ఒకటి వస్తుంది. మేకపిల్లల కోసం కిడ్స్ అని కొట్టిన పీజీ స్టూడెంట్‌కి ఏం వచ్చుంటాయో మీరే ఊహించుకోండి.

నేను వెటర్నరీ కాలేజీలో లైబ్రేరియన్‌ని. ఈ గుట్టలోంచి గేదెని బయటికి లాగడమే నా ఉద్యోగంలో అసలు పని. మిగతావి, అంటే ఇష్యూ కౌంటరు, యాక్సెషన్ రిజిస్టరు, స్టాక్ వెరిఫికేషను, ఫైనలియర్ పిల్లలు నో డ్యూస్ కోసం మీద పడటం, ఇవన్నీ ఉంటాయి, ఉండాలి కూడా, కానీ వీటికి మాత్రమే అయితే ఇంత చదువు చదివినవాళ్లని పెట్టక్కర్లేదు, ఆ మాట నేనే ఒప్పుకుంటా. చిక్కల్లా ఏంటంటే పోస్టులు శాంక్షన్ చేసేవాళ్లకి మా పనిలో కనపడేది ఆ రెండో భాగమే. అందుకే రిటైరైన లైబ్రేరియన్ స్థానంలో ఔట్‌సోర్సింగ్‌లో ఒక అబ్బాయిని తెచ్చి కూర్చోబెడతారు, తాళాలు చేతికిస్తారు, లైబ్రరీ నడుస్తోంది అనుకుంటారు. ఇది డబ్బు ఆదా కాదు, నష్టం అని నా వాదన, ఎందుకో చెప్తా, కొంచెం పొడుగవుతుంది, టీ తెచ్చుకోండి.

మనుషుల డాక్టర్లకి ఒకటే జీవి. మాకు ఆవు, గేదె, గొర్రె, మేక, పంది, గుర్రం, కుక్క, పిల్లి, కోడి, అప్పుడప్పుడు జూ నుంచి ఏనుగు. ఒకదాంట్లో తేలింది ఇంకోదానికి వర్తిస్తుందన్న గ్యారంటీ లేదు. మనం జ్వరమొస్తే వేసుకునే పారాసిటమాల్ ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీసెయ్యగలదు, దాని లివర్‌కి ఆ మందుని విరిచి బయటికి పంపే శక్తి చాలా తక్కువ. కోళ్ల దాణాలో కాక్సిడియోసిస్ అనే పేగుల జబ్బు రాకుండా కలిపే మోనెన్సిన్ కొంచెం గుర్రం తింటే గుండె దెబ్బతిని చచ్చిపోతుంది. ఊళ్లల్లో గొర్రెలకీ ఆవులకీ మామూలుగా వేసే ఐవర్‌మెక్టిన్ కొన్ని కోలీ జాతి కుక్కలకి ఎక్కువ డోసులో పడితే మెదడుకెక్కుతుంది, ఎండీఆర్1 అనే జీన్‌లో తేడా వల్ల. కాబట్టి "ఈ మందు సేఫేనా" అని ఎవరైనా అడిగితే నా మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే, ఏ జంతువుకి, ఏ జాతికి, ఏ వయసుకి, చూడిదా కాదా. ఈ ప్రశ్నలు అడగడం గూగుల్ చెయ్యదు, మీరు ఏది టైప్ చేస్తే దానికి దగ్గర్లో ఉన్నదాన్ని ఇస్తుంది అంతే.

మరి పబ్‌మెడ్‌లో జంతువుల ఫిల్టర్ ఉంది కదా అంటారు. ఉంది, హ్యూమన్స్, అదర్ ఏనిమల్స్ అని రెండు. ఆ రెండోది నొక్కితే ఏమొస్తుందో తెలుసా, ఎలకలు. మనుషుల జబ్బుల కోసం ల్యాబుల్లో ఎలకల మీద చేసిన పనంతా వచ్చి కూర్చుంటుంది, మీ ఆవు ఎక్కడో నలభయ్యో పేజీలో ఉంటుంది. దీనికి వేరే దారులున్నాయి, మెష్ పదాలకి, అంటే పేపరు దేని గురించో చెప్పే ట్యాగులకి, వెటర్నరీ అనే సబ్‌హెడింగ్ తగిలించడం, వెటర్నరీ సైన్స్ సబ్‌సెట్ వాడటం, బాగా కొత్త పేపర్లకి ఇంకా మెష్ ట్యాగులు పడి ఉండవు కాబట్టి వాటికోసం విడిగా మామూలు పదాలతో ఇంకో సెర్చ్ నడపడం. ఒంగోలు జాతి మీద వెతికేవాళ్లు బ్రెజిల్ వాళ్లు వాడే నెలోర్ అనే పేరు కూడా వేసుకోవాలి, మన ఎడ్లు అక్కడికెళ్లి మందలు మందలయ్యాయి, వాటి మీద బ్రెజిల్‌లో జరిగినంత రీసెర్చ్ ప్రకాశం జిల్లాలో జరగలేదు, అందులో చాలా భాగం పోర్చుగీసులో ఉంది. ఈ సంగతి తెలియక "లిటరేచర్ చాలా తక్కువ ఉంది మేడమ్" అని థీసిస్ సినాప్సిస్‌లో రాసేసేవాళ్లని చాలామందిని చూశా.

పైగా పబ్‌మెడ్ ఒక్కటే చాలదు. 2012లో బ్రిటన్ వాళ్లు ఏ డేటాబేసులో ఎన్ని వెటర్నరీ జర్నల్స్ ఉన్నాయో కూర్చుని లెక్కేశారు, వెయ్యికి పైగా జర్నల్స్‌లో క్యాబ్ అబ్‌స్ట్రాక్ట్స్ అనే డేటాబేసు దాదాపు 90 శాతం కవర్ చేస్తోంది, మిగతావన్నీ చాలా దూరంలో ఆగిపోయాయి. క్యాబ్ అంటే ఒకప్పటి కామన్వెల్త్ అగ్రికల్చరల్ బ్యూరోలు, అంటే మా సబ్జెక్టుకి పుట్టిల్లు డాక్టర్ల వైపు లేదు, వ్యవసాయం వైపు ఉంది. లైబ్రరీ పుస్తకాలకి సబ్జెక్టు నంబర్లు పెట్టిన డ్యూయీ దొరగారు కూడా మమ్మల్ని అక్కడే పడేశారు, మనుషుల సర్జరీ 617లో ఉంటే మాది 636.0897, అంటే పశుపోషణ కింద, సిజేరియన్ పుస్తకం కోళ్ల పెంపకం ర్యాకుకి ఒకటి రెండు అడుగుల దూరంలో ఉంటుంది. నాకిది నచ్చుతుంది నిజానికి, ఎందుకంటే పొలానికీ పశువుకీ జబ్బుకీ సంబంధం ర్యాకు దగ్గరే కనపడుతుంది. బడ్జెట్ దగ్గర మాత్రం ఇదే మా కొంప ముంచుతుంది, మెడికల్ కాలేజీల లెక్కల్లో మేము ఉండం, వ్యవసాయ శాఖకి మేము మూలన కూర్చున్న చుట్టాలం.

2019లో లంపీ స్కిన్ మొదటిసారి మన దేశంలో కనపడింది, ఒడిశాలో. 2022 వచ్చేసరికి రాజస్థాన్, గుజరాత్‌లలో ఆవులు కుప్పలుగా చనిపోయిన ఫోటోలు అందరం చూశాం. మన సీనియర్ ప్రొఫెసర్లు కూడా ఈ జబ్బుని అప్పటిదాకా పరీక్ష పేపర్లో చూసినవాళ్లే తప్ప పశువు మీద చూసినవాళ్లు కాదు. ఫీల్డ్‌లో ఉండే డాక్టర్లు, మా పాత స్టూడెంట్లే ఎక్కువమంది, ఫోన్లు చెయ్యడం మొదలుపెట్టారు, పాలు తాగొచ్చా, ఈగల వల్ల వస్తుందా దోమల వల్ల వస్తుందా, చూడి పశువుకి టీకా వెయ్యొచ్చా. ఈ జబ్బు 1929లో ఇప్పటి జాంబియాలో మొదట బయటపడింది, అక్కణ్ణుంచి కిందికి దక్షిణాఫ్రికా దాకా పాకింది, అసలు పని చాలావరకు అక్కడి ఆండర్స్‌టెపూర్ట్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు చేశారు, వాళ్ల జర్నల్ పాత సంచికలు ఆన్‌లైన్‌లో ఫ్రీగా దొరుకుతాయి. అవి, ఆ తర్వాత ఈజిప్టు, ఇజ్రాయెల్, టర్కీ, బాల్కన్ దేశాల్లో వచ్చినప్పుడు రాసినవి, అన్నీ తీసి, చదివి, ఒక్కో ప్రశ్నకి ఏ పేపరు ఏం చెప్తోందో రెండేసి లైన్లలో తెలుగులో రాసి వాట్సాప్‌లో పంపా. మేక బొబ్బ వ్యాధికి వాడే గోట్ పాక్స్ టీకాని ఆవులకి ఎందుకు వేస్తున్నారో, రెండు వైరసులూ ఒకే కుటుంబం అవడం వల్ల అది ఎంతవరకు పనిచేస్తుందో, అందులో ఉంది. మన దేశపు టీకా 2022 ఆగస్టులో గానీ ప్రకటించలేదు, అప్పటిదాకా ఫీల్డ్‌లో ఉన్నవాళ్లకి ఆధారం అంటే ఇదే, పాత పేపర్లు, వాటిని వెతికి ఇచ్చేవాళ్లు.

ఇది నా గొప్ప కాదు. ఈ పని చెయ్యమని నాకు ఎవరూ చెప్పలేదు, నా జాబ్ చార్టులో లేదు, చెయ్యకపోయినా ఎవరూ అడిగేవాళ్లు కాదు, నా బాధ అదే. ఒక జబ్బు ఊళ్ల మీద పడినప్పుడు అవసరమయ్యే పని, ఎవరో ఒకరికి బుద్ధిపుడితే జరిగేదిగా వదిలేశాం.

డైక్లోఫెనాక్ కథ మీకు తెలిసే ఉంటుంది. పశువులకి నొప్పి తగ్గడానికి వేసే ఇంజెక్షను, ఆ పశువు చచ్చిపోయాక రాబందులు తింటే వాటి కిడ్నీలు పోయేవి. 2004లో ఆ కారణం పట్టుకున్నారు, 2006లో పశువుల వాడకానికి బ్యాన్ చేశారు, అదే ఏడాది మెలాక్సికామ్ రాబందులకి సేఫ్ అని పేపరు వచ్చింది. అక్కడితో అయిపోలేదు, మనుషుల కోసం అమ్మే పెద్ద సీసాలు పశువుల దగ్గరికి చేరుతూనే ఉండటంతో 2015లో ఆ సీసా సైజు తగ్గించారు, అవే తరహా మందులు కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ మీద బ్యాన్ 2023లో గానీ రాలేదు, కీటోప్రొఫెన్ రాబందులకి చెడ్డది అన్న పేపర్లు అంతకు చాలా ఏళ్ల ముందు నుంచే ఉన్నాయి. పేపరు అచ్చవడం వేరు, మండలంలో ఇంజెక్షన్ లోడ్ చేసే డాక్టర్ గారి చెవిన పడటం వేరు. ఆ మధ్యలో గ్యాప్‌లో ఎవరో ఒకరు నిలబడాలి, కంపెనీ రిప్రజెంటేటివ్ ఎలాగూ నిలబడి ఉన్నాడు, ఆయన దగ్గర ఏ పేపర్లుంటాయో నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు డబ్బు మాట. ఎప్పుడూ డబ్బుల్లేవు అనేవాళ్లకి ఇప్పుడు ఆ సాకు కూడా లేదు. 2007 ప్రాంతంలో కేంద్ర వ్యవసాయ పరిశోధన మండలి ఐసీఏఆర్ వాళ్లు, కాలేజీలన్నిటికీ కలిపి జర్నల్స్ ఇచ్చే సెరా కన్సార్షియం పెట్టాక వ్యవసాయ, వెటర్నరీ కాలేజీలకి ఈ-జర్నల్స్ రావడం మొదలైంది, అంతకుముందు ఒక్క పేపరు జిరాక్స్ కోసం బరేలీలో ఉన్న కేంద్ర పశువైద్య పరిశోధన సంస్థ ఐవీఆర్‌ఐ లైబ్రరీకి ఉత్తరం రాసి కూర్చునేవాళ్లట మా సీనియర్లు. 2025 జనవరి నుంచి కేంద్ర ప్రభుత్వ పథకం వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ వచ్చింది, మూడేళ్లకి 6,000 కోట్లు, 30 పబ్లిషర్లు, దాదాపు 13,000 జర్నల్స్. మంచి పనే, మనస్ఫూర్తిగా అంటున్నా. కానీ అది జర్నల్స్ ఇచ్చింది, వెతికే మనిషిని ఇవ్వలేదు, మూడు లక్షలు పోసి ముర్రా గేదెని కొనుక్కొచ్చి పాలు తియ్యడం తెలిసినవాళ్లని పెట్టుకోకుండా కూర్చున్నట్టుంది మన వ్యవహారం. ఇంకో సంగతి, ఈ యాక్సెస్ కాలేజీలకి, యూనివర్సిటీలకి, పరిశోధన సంస్థలకే. మండలం పశువుల ఆస్పత్రిలో పనిచేసే వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌కి లేదు. చదువుకున్నన్నాళ్లు అన్నీ ఓపెన్ అవుతాయి, ఉద్యోగంలో చేరి నిజంగా అవసరమైన రోజున డబ్బు కడితే గానీ తెరుచుకోని పేవాల్ అడ్డం వస్తుంది. అప్పుడు వాళ్లకి మిగిలింది పాత కాలేజీ లైబ్రరీ మేడమ్ నంబరు.

పాత సరుకు గురించి చెప్పకపోతే ఈ పోస్టు పూర్తవదు. ఒకసారి మా దగ్గర జాగా చాలట్లేదని, పాత జర్నల్స్ బౌండ్ వాల్యూమ్స్ తూకానికి అమ్మేద్దామని కమిటీలో ప్రతిపాదన వచ్చింది, అంతా ఆన్‌లైన్‌లో ఉంది కదా అని. నేను అడ్డం పడ్డా, పేచీకోరు అన్న పేరు కూడా తెచ్చుకున్నా. ఆన్‌లైన్‌లో ఉన్నది ఎక్కువగా అమెరికా, యూరప్ సరుకు. మద్రాసులో 1924లో మొదలైన ఇండియన్ వెటర్నరీ జర్నల్, ఐసీఏఆర్ 1931లో మొదలుపెట్టిన జర్నల్, వీటి తొలి దశాబ్దాల సంచికలు మన పశువుల చరిత్ర. వానలు ముఖం చాటేసి మళ్లీ పడ్డాక జొన్న పిలకలు మేసిన పశువులు నాము తగిలి పడిపోవడం రాయలసీమ, తెలంగాణ రైతులందరికీ తెలుసు, ఆ సయనైడ్ విషానికి హైపో (సోడియం థయోసల్ఫేట్) ఇంజెక్షను ఎంత, ఎలా అన్నది మన పశువుల బరువులకీ మన పరిస్థితులకీ తగ్గట్టు రాసినవాళ్లు మనవాళ్లే. పశువుల మహమ్మారి రిండర్‌పెస్ట్ 2011లో ప్రపంచం నుంచే పోయింది కదా ఆ పేపర్లు ఎందుకు అంటే, దాని చుట్టం పీపీఆర్ అనే జబ్బు ఇంకా మన గొర్రెల్నీ మేకల్నీ చంపుతోంది, దాన్ని 2030 కల్లా తుడిచిపెట్టాలని ప్రపంచ సంస్థలు లక్ష్యం పెట్టుకున్నాయి, రిండర్‌పెస్ట్‌ని ఊరూరా తిరిగి ఎలా తరిమారో రాసి ఉన్నది ఆ పాత వాల్యూమ్స్‌లోనే.

థీసిస్‌లు ఇంకా ఘోరం. రాజేంద్రనగర్ కాలేజీ 1946 నాటిది, తిరుపతి కాలేజీ 1955 నాటిది, ఇన్ని దశాబ్దాల్లో మన జిల్లాల మేతల్లో, మన గొర్రెల రక్తంలో, మన కోళ్లలో ఏముందో కొలిచి పెట్టిన థీసిస్‌లు ఎన్నో. వాటిలో చాలావాటి నుంచి పేపర్లు రాలేదు, గైడ్ ట్రాన్స్‌ఫర్ అయ్యారు, అమ్మాయికి పెళ్లయింది, అబ్బాయికి ఉద్యోగం వచ్చింది, అక్కడితో ఆగిపోయింది. వీటికోసం కృషికోశ్ అని ఐసీఏఆర్ రిపాజిటరీ ఉంది, అందులోకి ఎక్కించాలంటే స్కాన్ చెయ్యాలి, సరైన కీవర్డ్స్ వెయ్యాలి, గొర్రె అని ఒకచోట నెల్లూరు బ్రౌన్ అని జాతి పేరు ఇంకోచోట వేస్తే మళ్లీ దొరకదు. ఇది ఎవరు చేస్తారు, తాళాలబ్బాయా?

జంతువుల వైపు నుంచి కూడా ఒక మాట. ప్రయోగాలకి జంతువుల్ని వాడాలంటే మన దేశంలో ఎథిక్స్ కమిటీకి ఫారం బి పెట్టాలి, ఈ ప్రయోగం ఇదివరకే ఎవరైనా చేశారా, జంతువు లేకుండా చెయ్యొచ్చా, తక్కువ జంతువులతో సరిపెట్టొచ్చా, ఇవి చూడాలి. 1959లో రసెల్, బర్చ్ అనే ఇద్దరు చెప్పిన మూడు సూత్రాలు ఇవి, వీలైతే జంతువు లేకుండా, లేదా తక్కువ వాటితో, లేదా తక్కువ బాధతో. అమెరికాలో 1985లో చట్టం మార్చి ప్రత్యామ్నాయాలు ఆలోచించడం తప్పనిసరి చేశారు, దానికి సాయం చెయ్యడానికి వాళ్ల జాతీయ వ్యవసాయ లైబ్రరీలోనే ఒక సెంటర్ పెట్టారు. మన దగ్గర ఆ కాలమ్‌లో చాలామంది "లిటరేచర్ వెతికాం, ప్రత్యామ్నాయం లేదు" అని పాత ఫారంలోంచి కాపీ కొడతారు. సరిగ్గా వెతికితే, ఇదే పని ఆల్రెడీ చేసేశారని తేలితే, ఇరవై కుందేళ్లు బతుకుతాయి. నేను పాలు కూడా పొయ్యలేని జీవాలకి చెయ్యగలిగిన సాయం ఇదే అనిపిస్తుంది అప్పుడప్పుడు.

ఇక ఈ మధ్య వచ్చిన వాదన, ఏఐ ఉంది కదా అని. వాడుతున్నా నేను కూడా, సెర్చ్‌కి పర్యాయపదాలు ఆలోచించడానికి, పోర్చుగీసు పేపర్లో ఏముందో గబగబా చూసుకోవడానికి బాగానే పనికొస్తుంది. కానీ థీసిస్ రిఫరెన్సుల్లో లేని పేపర్లు రావడం మొదలైంది, ఆథర్ పేర్లు నిజమైనవే, జర్నల్ నిజమైనదే, వాల్యూమ్ నంబరు కూడా నమ్మేలాగే ఉంటుంది, ఆ పేజీ తీస్తే అక్కడ ఇంకేదో ఉంటుంది. ప్లేజరిజం సాఫ్ట్‌వేర్‌కి ఇది దొరకదు, 10 శాతం లోపు సిమిలారిటీ అని పచ్చ రంగులో రిపోర్టు ఇచ్చేస్తుంది, గైడ్ సంతకం పెట్టేస్తారు. నేను ఒక్కో రిఫరెన్సు తీసి చూస్తానని పిల్లలకి నా మీద కోపం. మందు డోసు అలాంటి లేని పేపర్లోంచి వస్తే ఆ డోసు రేపు ఎవరి గేదెకి పడుతుంది చెప్పండి. దీనికి తోడు డబ్బులు తీసుకుని ఏదైనా అచ్చేసే జర్నల్స్, నమ్మదగిన జర్నల్స్ ఏవో చెప్పే యూజీసీ కేర్ లిస్టు కూడా 2025లో ఎత్తేశారు, మావాళ్లు వ్యవసాయ సైన్స్ అకాడమీ జర్నల్స్‌కి ఇచ్చే నాస్ రేటింగ్ ఎంత అని మాత్రమే చూస్తారు.

మనుషుల వైద్యంలో ఈ గొడవ చాలావరకు తేలిపోయింది. ఒక ప్రశ్న మీద వచ్చిన పేపర్లన్నీ వెతికి తేల్చే సిస్టమాటిక్ రివ్యూ చేసేటప్పుడు సెర్చ్ ప్లాన్ లైబ్రేరియన్‌తో కలిసి చెయ్యాలని అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2011లోనే ప్రమాణాల్లో రాసింది. అక్కడి వెటర్నరీ కాలేజీల లైబ్రేరియన్లు పేపర్లలో ఆథర్లుగా కనపడతారు. మన దగ్గర థ్యాంక్స్ పేజీలో ఆఖరి లైను, "లైబ్రరీ స్టాఫ్‌కి" అని, అటెండర్‌తో కలిపి. అటెండర్‌తో కలిపినందుకు కాదు బాధ, ఆయన పని కూడా పనే.

ఈ లైన్‌లోకి రావచ్చా అని లైబ్రరీ సైన్స్ చదివే పిల్లలు అడుగుతుంటారు. ఎమ్మెల్లైఎస్సీ 55 శాతంతో, నెట్ కొట్టాలి, యూజీసీ స్కేల్లో అసిస్టెంట్ లైబ్రేరియన్‌కి మొదటి బేసిక్ 57,700, లెక్చరర్లతో సమానం. రెగ్యులర్ నోటిఫికేషన్ పడితే. పడటం ఎప్పుడన్నది మీరూ నేనూ చెప్పలేం, ఈలోపు కాంట్రాక్టులో అదే పనికి వచ్చే డబ్బులు చెప్తే మీ ఇంట్లోవాళ్లు ఒప్పుకోరు, ఆ సంగతి దాచి పిలవడం నాకిష్టం లేదు. పుస్తకాలంటే ఇష్టం కాబట్టి వస్తా అంటే వద్దు, ఇక్కడ పుస్తకాలు చదివే టైం ఉండదు. దొరకనిదాన్ని దొరికేదాకా వదలని మొండితనం ఉంటే రండి.

వచ్చాక ఏం చెయ్యాలో మన ఎమ్మెల్లైఎస్సీ సిలబస్‌లో ఉండదు, వెటర్నరీ లైబ్రేరియన్‌షిప్ అని పేపరే లేదు. మెష్, క్యాబ్ థిసారస్ అనే రెండు పదాల జాబితాలూ పట్టుకుని కూర్చోండి. పీజీ సెమినార్లకి వెళ్లి వెనక బెంచీలో కూర్చోండి, ఏ అక్షరాల్ని ఏ జబ్బుకి వాడుతున్నారో అక్కడే తెలుస్తుంది. జబ్బవాపు, చిటుకు రోగం, గాలికుంటు, కొక్కెర, మూడు రోజుల జ్వరం, రైతు వాడే ఈ పేర్లన్నీ ఇంగ్లీషు పేర్ల పక్కన రాసి పెట్టుకోండి, ఫోన్ చేసే డాక్టర్లు హడావుడిలో ఇవే అంటారు. మొదటి ఆరు నెలలు వారానికో పూట క్లినిక్ ఓపీ దగ్గర నిలబడండి. పర్మిషన్ అడిగితే లైబ్రరీ వాళ్లకి ఇక్కడేం పని అంటారు, కాబట్టి అడక్కుండా వెళ్లండి. పేడ తొక్కడానికి పాత చెప్పులు ఒక జత బీరువాలో పెట్టుకోండి.